చిక్కుడు పాదు కింద నూకలు

"ఒక్క మూత చాలండీ అమ్మగారూ. బకెట్ నీళ్లలో కలిపి కొట్టేయండి. రేప్పొద్దున్నకి ఒక్క పేను కనపడితే నన్నడగండి," అంటూ ఎరువుల కొట్టాయన సీసా తీసి బల్ల మీద నా ముందుకి జరిపాడు.

నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. వేపనూనె ఉందాండీ అంటే నవ్వాడు. "ఉందండీ. కానీ దాంతో ఎప్పటికి తగ్గుతుందండీ?" అన్నాడు.

ఎప్పటికి తగ్గుతుందో నాకు తెలిస్తే ఆయన కొట్టుకెందుకు వస్తాను? అదే కదా నా ఏడుపు.

మా చెల్లెలికి ఆపరేషన్ అయ్యి నెల కావస్తోంది. గుడివాడ నుంచి తీసుకొచ్చి బందరులో నా దగ్గరే పెట్టుకున్నాను. డాక్టరుగారేమో బాగా తినాలమ్మా, తింటేనే మందులు ఒంటబడతాయి అంటారు. ఇదేమో కంచం చూడగానే మొహం తిప్పేసుకుంటుంది. పప్పుచారు అయింది, మెత్తటి పెరుగన్నం అయింది, ఇడ్లీ అయింది. ఏం పెట్టినా మట్టి తిన్నట్టుందక్కా అంటుంది. పూటకో గ్లాసు జావతోనే నెట్టుకొస్తోంది. మొన్నొక రోజు మెల్లగా మేడెక్కి, తొట్టెలో నేను వేసిన చిక్కుడు పాదు పూత చూసి, "ఇది కాశాక కూర చెయ్యి. మందు కొట్టని కాయ కదా, తింటాను," అంది. నెల రోజుల్లో అది నోరు తెరిచి అడిగింది అదొక్కటే. నా ఖర్మ చూడండి, ఆ వారంలోనే పేనుబంక దిగింది. లేత కొసలన్నీ నల్లగా అయిపోయాయి. పూత మీద చెయ్యి పెడితే జిగురు.

వేపనూనె సంచిలో వేసుకుని కోనేరు సెంటర్లో ఆటో ఎక్కానా, ఆ కొట్టు వాసన కూడా నాతోపాటే ఎక్కింది. ఆ వాసనంటే నాకు చిన్నప్పటి నుంచీ భయం. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని కూర్చున్నా పోలేదు. ఇంక ఆ భయం పుట్టిన ఏడాదంతా కళ్ల ముందుకొచ్చింది.

అప్పుడు మాది ఈ ఊళ్లోనే అద్దె ఇల్లు. ముందు రెండు గదులు, వెనక పెద్ద పెరడు. పెరట్లో నుయ్యి, బట్టలుతికే బండ, ఒక కరివేపాకు చెట్టు. సాయంత్రమయ్యేసరికి సముద్రం వైపు నుంచి గాలి తోలేది, ఆరేసిన బట్టలు కూడా ఉప్పగా ఉండేవి. నాన్న కచేరీలో గుమాస్తా. నాయనమ్మ మాతోనే ఉండేది. చెల్లెలు ఇంకా పుట్టలేదు. ఇంటికి నేనొక్కదాన్నే, కాబట్టి గారాబమూ నాకే, చీవాట్లూ నాకే.

అమ్మ పుట్టిల్లు దివిసీమలో. తాతయ్య అక్కడ కూరగాయలు పండించేవాడు. అమ్మకి ఒక్కతే చెల్లెలు, మా పిన్ని. ఇంకా పెళ్లి కాలేదు. నెలకోసారి రేవు దాటి, బస్సెక్కి, చంకలో బుట్టతో దిగేది. ఆ బుట్ట మూత తీస్తే చాలు, ఇల్లంతా పచ్చి చిక్కుడుకాయల వాసన. అంచున ఊదా గీత ఉన్న కాయలు అవి. ఆ రకం బందరు బజారులో దొరికేది కాదు. అమ్మ వాటిని ఈనెలు తీసి, ఉడకేసి, అల్లం పచ్చిమిర్చి నూరి పెట్టి కూర చేసేది. నాయనమ్మకి ఆ కూరంటే ప్రాణం. "మీ చెల్లెలి చేతి చలవే అది," అని అమ్మతో అంటూ మారు వడ్డించుకునేది.

రథసప్తమికి పిన్ని తప్పకుండా వచ్చేది. చిక్కుడుకాయల్ని చీపురు పుల్లలతో గుచ్చి సూర్యుడికి రథం కట్టడంలో దాని తర్వాతే ఎవరైనా. నాలుగు కాయలు అడుగున, చక్రాలకి రెండు, పైన గోపురం. పిడకల మీద పాలు పొంగించి పరమాన్నం వండి, చిక్కుడాకుల్లో పెట్టి నైవేద్యం పెట్టేవాళ్లం. నేను నైవేద్యం కాకముందే వేలు పెట్టి నాకేదాన్ని. పిన్ని చూసి కూడా చూడనట్టు ఊరుకునేది.

ఒక ఏడు సంక్రాంతి వెళ్లాక పిన్ని తెచ్చిన బుట్టలో కాయలు కొన్ని పుచ్చాయి. అమ్మ కాయ విరిచి, లోపల ఆకుపచ్చ పురుగు చూపించి నవ్వింది. "ఏవే, అక్కకి పురుగుల కాయలు తెచ్చావా? రథసప్తమికైనా మంచివి తేవే తల్లీ," అంది. ఉత్త వేళాకోళం. పిన్ని మూతి ముడుచుకుంది. "చూస్తూ ఉండు, ఈసారి ఒక్క పుచ్చు కాయ ఉంటే నా పేరు మార్చెయ్," అని వెళ్లింది.

వెళ్లి, తాతయ్య వద్దంటున్నా వినకుండా తనే పాదులకి పురుగుల మందు కొట్టింది. గాలి ఎదురుగా ఉందిట. మందు నీళ్లు మీద పడి లంగా, జాకెట్టూ తడిసిపోయాయిట. కాసేపట్లో అయిపోతుందిలే అని ఆ తడి బట్టలతోనే సాయంత్రం దాకా కొట్టిందిట. ఇంటికొచ్చి కళ్లు తిరుగుతున్నాయని పడుకుంది. పడవ మీద రేవు దాటించి, బస్సెక్కించి, ఇక్కడ పెద్దాసుపత్రికి తెచ్చేలోపే పోయింది.

అమ్మ ఏడవలేదు. అదే మమ్మల్ని భయపెట్టింది. పుట్టింటికి వెళ్లి, చెంగున కాసిని చిక్కుడు గింజలు మూటగట్టుకుని వచ్చింది. పిన్ని కొట్టిన పాదులన్నీ తాతయ్య అప్పటికే పీకి తగలబెట్టేశాడు. అంతకుముందు ఏడు పిన్ని ఉట్టి మీద దాచిన గింజలు అవి. తాతయ్య మళ్లీ చిక్కుడు వెయ్యలేదు. అంటే ఆ రకం ఇక భూమ్మీద ఉన్నది అమ్మ చెంగునే. ఇంటికొచ్చి ఆ మూట దేవుడి దగ్గర పెట్టి ఒక మాట అంది. "ఈ గింజలు పాదై, ఆ కాయలతో నేను రథం కట్టి నైవేద్యం పెట్టేదాకా రెండో పూట అన్నం ముట్టను."

నాయనమ్మ అడ్డం పడబోయింది కానీ అప్పటికే అనేసింది. సరేలే, నాలుగు రోజులు పోతే మనసు కుదుటపడుతుంది, తనే మానేస్తుంది అనుకున్నారు పెద్దవాళ్లు. మానలేదు. మధ్యాహ్నం ఒక్క పూట పిడికెడు మెతుకులు. అంతే. ఎండాకాలం పోయింది, వానలు పడ్డాయి. ఆషాఢంలో నూతి పక్కన గింజలన్నీ పెట్టింది. కొన్ని కుళ్లిపోయాయి, కొన్ని నత్తలు తిన్నాయి. ఒక్క పాదు లేచింది. దానికి నాన్న వెదుళ్లు తెచ్చి పందిరి వేశాడు. అమ్మ పొద్దస్తమానం ఆ పందిరి కిందే.

కార్తీకంలో తెలిసింది, అమ్మ వట్టి మనిషి కాదని. డాక్టరమ్మ చూసి నాన్నని బయటికి పిలిచి కోప్పడింది. నేను గుమ్మం పక్కనే ఉన్నాను. "ఈ మనిషిలో రక్తం ఎక్కడుందండీ? రెండు పూటలా తినకపోతే బిడ్డ దక్కదు. బిడ్డ సంగతి తర్వాత, తల్లి దక్కడమే కష్టం," అంది. నాన్న చేతిలో గొడుగు కింద పడితే తీసుకోలేదు. నేనే తీశాను.

ఇంటికొచ్చి బతిమాలారు. నాన్న బతిమాలాడు, నాయనమ్మ బతిమాలింది. "మొక్కు నాదని దణ్ణం పెట్టి నేను తీర్చుకుంటానే అమ్మాయ్, నువ్వు తిను," అని నాయనమ్మ కోడలి గడ్డం పట్టుకుంది. అమ్మ ఆవిడ చెయ్యి మెల్లగా తీసేసింది. "నోరు జారి ఒకర్ని చంపుకున్నాను అత్తయ్యా. ఈ మాట కూడా జారనివ్వను," అంది.

కాబట్టి అందరి ప్రాణాలూ ఆ పాదు మీదకి చేరాయి. మాఘంలో రథసప్తమి. అప్పటికి కాయలు రావాలి, రథం కట్టాలి, అమ్మ తినాలి. నేను పొద్దున్నే పళ్లు తోముకోకుండా పందిరి కిందకి పరిగెత్తేదాన్ని. ధనుర్మాసం మంచులో ఊదా పూత విరగబూసింది. నాయనమ్మ లెంపలు వేసుకుని మొక్కింది. ఆ వారంలోనే దిగింది పేనుబంక. నల్లటి పేలు, కొసల మీద, పూతకాడల మీద, సందు లేకుండా.

మొదట బూడిద. పిడకల బూడిద జల్లించి, మంచు ఆరకముందే చల్లాలి, అప్పుడే ఆకుకి అంటుకుంటుంది. నాయనమ్మ గుడ్డలో మూటగట్టి పందిరంతా దులిపింది. అమ్మ, నేను, పందిరి అంతా బూడిద రంగు. నాలుగు రోజులు తగ్గినట్టే ఉంది. అకాలపు జల్లు ఒకటి పడి అంతా కడిగేసింది. పేలు మళ్లీ పట్టాయి.

తర్వాత పుల్ల మజ్జిగ. కుండలో పులియబెట్టి, నీళ్లు కలిపి, వేపరెమ్మ ముంచి చిలకరించాం. పెరడంతా ఒకటే కంపు. పక్కింటి పిల్లి వచ్చి పందిరి గుంజలు నాకేది. పేలు మాత్రం ఎక్కడివక్కడే. ఆ తర్వాత వేపగింజలు దంచి రాత్రంతా నానేసిన నీళ్లు. తర్వాత కుంకుడు రసం. కుంకుడు నీళ్లు తగిలితే పేలు చచ్చి రాలేవి, అది నా కళ్లారా చూశాను. తెల్లారి చూస్తే పక్క కొసకి కొత్తవి సిద్ధం. ఎక్కడి నుంచి వస్తున్నాయో అర్థమయ్యేది కాదు. అమ్మ గోళ్లతో ఒక్కొక్కటీ గిల్లేది. పొట్ట కనపడుతోంది, చేతులు మాత్రం పుల్లల్లా అయిపోయాయి. గాజులు మోచేతి దాకా జారేవి.

ఒక సాయంత్రం నాన్న కచేరీ నుంచి వచ్చి సైకిల్ స్టాండు వెయ్యకుండానే గోడకి ఆనించేశాడు. సంచిలోంచి కాగితంలో చుట్టిన సీసా తీశాడు. నాయనమ్మతో గొంతు తగ్గించి, "దానికి తెలీకుండా పొద్దున్నే కొట్టేస్తానమ్మా. కాయ కాస్తే చాలు, తింటుంది," అన్నాడు.

"ఏరా, మతి పోయిందా నీకు?" అంది నాయనమ్మ.

"పోయిందమ్మా. ఇంకేం చెయ్యమంటావు చెప్పు?"

అమ్మ అప్పటికే వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. సీసా మూత తియ్యనే లేదు, అయినా ఆవిడకి వాసన తెలిసిపోయింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "అది కొట్టిన పాదు కాయ నేను ముట్టను. ఎవరేమైపోయినా ముట్టను. ఆ సీసా ఈ గడప లోపల ఉంటే నేను బయట ఉంటాను," అని చెప్పులు కూడా లేకుండా వీధిలోకి వెళ్లి నిలబడింది. నాన్న బట్టలుతికే బండ మీద కూలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. నాన్నలు ఏడుస్తారని నాకప్పటిదాకా తెలీదు. నేనూ మొదలెట్టాను. నాయనమ్మ ఇద్దరినీ కసిరి, నాన్నని లేపి, సీసా కొట్లో తిరిగిచ్చి రమ్మని మళ్లీ సైకిలెక్కించింది.

మర్నాడు చుట్టల తాతగారి వంతు వచ్చింది. ఆయన మా పక్క వాటాలో ఉండే రిటైరైన మేష్టారు. అరుగు మీద కూర్చుని చుట్ట మీద చుట్ట కాల్చేవాడు. పొగాకు నీళ్లు కొడితే పేలు చస్తాయని ఆయనే ఎవరితోనో అంటుంటే విన్నాను. అంతే, అరుగు కింద ఆయన పారేసిన పీకలన్నీ గౌనులో ఏరుకుంటున్నాను. "ఓసి భడవా! ఇంత వయసులో చుట్టలా?" అని చెవి మెలేశాడు. ఏడుస్తూ సంగతి చెప్పాను. ఆయన చెవి వదిలేసి, లోపలికెళ్లి, ఇంకా విప్పని చుట్టల కట్ట తెచ్చి మొత్తం నా గౌనులో వేశాడు. "పీకలేం చేసుకుంటావే పిచ్చిదానా. ఇవి ఉడకెయ్యమను మీ నాయనమ్మని," అన్నాడు. ఆ రోజు సాయంత్రం దాకా ఆయన అరుగు మీద వట్టినే కూర్చున్నాడు.

ఉడకేశాం. కషాయం చిక్కగా దిగింది. తొందరలో నీళ్లు చాలినన్ని కలపలేదేమో, రెండో రోజుకి లేత కొసలు మాడిపోయాయి. పేలతో పాటు పూత కూడా సగం రాలింది. అమ్మ రాలిన పూత ఒళ్లో వేసుకుని కూర్చుంది. "పోతుంది అత్తయ్యా. ఇది కూడా పోతుంది," అంది. నాయనమ్మ తలొంచుకుని లోపలికి వెళ్లిపోయింది.

నాకు అప్పుడొక ఆట ఉండేది. అక్షింతల పురుగుల్ని, అదే, ఎర్రగా నల్ల చుక్కలతో శనగబద్దంత ఉంటాయి చూడండి, వాటిని పట్టి అగ్గిపెట్టెలో పెంచేదాన్ని. పరుపుగా ఉంటుందని ఒక రోజు పేలు పట్టిన చిక్కుడు కొస తుంచి అందులో వేశాను. మర్నాడు తీసి చూస్తే కొస పచ్చగా, శుభ్రంగా ఉంది. ఒక్క పేను లేదు. "అమ్మా, నా పురుగులు నీ పురుగుల్ని తినేశాయే!" అని పరిగెత్తాను. అమ్మ అగ్గిపెట్టె తీసుకుని చాలాసేపు చూసింది. ఆవిడ మొహంలో ఏదో కదలడం ఎన్నాళ్లకో చూశాను. నా పురుగుల్ని తీసుకెళ్లి ఒక్కొక్కటే పాదు మీద వదిలింది.

వదిలి అక్కడే కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ఎర్ర పురుగు పేల గుంపు దగ్గరికి నడుస్తోంది. కింద నుంచి నల్ల చీమలు వచ్చాయి. ఒకటి కాలు కొరికింది, ఇంకొకటి మీదకెక్కింది. పురుగు రెక్కలు విప్పి ఎగిరిపోయింది. రెండోదాన్నీ అలాగే తరిమేశాయి. చీమలు మళ్లీ పేల దగ్గరికి వెళ్లి, వాటి వెనక చేరి, అవి విడిచే తీపి బంక తాగుతున్నాయి. ఒక చీమ ఏకంగా పేనుని నోట కరుచుకుని కొత్త కొస మీద దింపింది. మేం కుంకుడు నీళ్లతో చంపుతుంటే ఇవి మళ్లీ నాటుతున్నాయన్నమాట!

అమ్మ చీమల బారు వెంట చూపు దింపుకుంటూ వచ్చింది. గుంజ మీద నుంచి మొదట్లోకి. మొదట్లో ఎండాకులు తొలగించింది. కింద నూకలు, బెల్లం పొడి కలిపినవి, గుప్పెడు. పక్కనే చీమల పుట్ట. ఎవరో రోజూ వేస్తేనే అంత ఉంటాయి.

"అత్తయ్యా!" అని అమ్మ అరిచిన అరుపుకి చుట్టల తాతగారు కూడా గోడ మీద నుంచి తొంగి చూశాడు. ఆ గొంతు అంత పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు. "ఇక్కడ నూకలు పోస్తోంది మీరేనా? ఎందుకండీ? నా పాదు కింద ఎందుకండీ? అందరం కలిసి దీన్ని బతికించాలని చస్తుంటే మీరు చీమల్ని మేపుతారా?"

నాయనమ్మ తడి చేతులు చెంగుకి తుడుచుకుంటూ వచ్చింది. నూకల వంక చూసింది. కోడలి వంక చూసింది. పెద్దావిడ, ఎవరికీ జవాబు చెప్పుకునే అలవాటు లేని మనిషి.

"మీ చెల్లెలి పేరునే," అంది చివరికి. "పెళ్లికాని పిల్లని వాళ్లు కర్మ కూడా సరిగ్గా చెయ్యలేదు. పిండం లేకపోయె. ఎవరూ లేని వాళ్ల పేరున చీమలకి నూకలు వేస్తే వాళ్లకి చేరుతుందంటారు. దాని పాదు కింద అయితే తొందరగా చేరుతుందని... నేనేం ఎరుగుదును తల్లీ, నేనే దీన్ని చంపుతున్నానని."

అమ్మ నాయనమ్మ భుజం మీద తల పెట్టి ఏడ్చింది. పిన్ని పోయాక అదే మొదటిసారి ఏడవడం. నాయనమ్మ వీపు నిమురుతూ తనూ ఏడుస్తోంది. వంటింట్లో పప్పు మాడి వాసన వచ్చేదాకా ఇద్దరూ కదల్లేదు.

ఆ మధ్యాహ్నమే నాయనమ్మ నూకలన్నీ చేటలోకి ఎత్తి పెరటికి ఆ చివర, ప్రహరీ మూలకి తీసుకెళ్లి పోసింది. చీమలు రెండ్రోజుల్లో అటు తిరిగాయి. పందిరి గుంజలకి ఆముదంలో ముంచిన గుడ్డలు కట్టాం. పాదు మొదట్లో కూడా ఒకటి చుట్టాం. గోడకి తగులుతున్న తీగలు విడదీశాం, బట్టలు ఆరేసే తాడు తీసేశాం. కుంకుడు నీళ్లతో ఒకసారి కడిగాం. నేను బడి ఎగ్గొట్టి, జిల్లేడు చెట్ల మీదా, పక్కవాళ్ల బెండ మొక్కల మీదా అక్షింతల పురుగుల్ని పట్టి తెచ్చాను. ఈసారి వాటిని ఎవరూ తరమలేదు. కానీ పూత చాలావరకూ పోయింది. మాడిన కొసలు మళ్లీ చిగురించాలి, పూయాలి, పిందె పట్టాలి. మాఘం ముంచుకొచ్చేస్తోంది. అమ్మకి నడుస్తుంటే ఆయాసం, అరికాళ్లలో నీరు.

రథసప్తమి ముందు రోజుకి పాదు మీద ఒక్క రథానికి సరిపడా కాయలున్నాయి. అంతకు మించి ఒక్కటి లేదు. తీగ కింద నుంచి ఎండిపోవడం మొదలైంది, ఇంక పూసే ఓపిక దానికి లేదని చూస్తేనే తెలుస్తోంది. అమ్మ పందిరి కింద నిలబడి ఒక్కొక్క కాయనీ వేళ్లతో తడిమి చూసింది.

"ఇవి కోసేస్తే విత్తనం ఉండదు అత్తయ్యా," అంది. "ఈ ఏటికి విత్తనానికి వదిలేద్దాం. వచ్చే ఏడు కడతాను రథం."

"వచ్చే ఏడా?" అంది నాయనమ్మ. "అప్పటిదాకా ఒంటిపూటేనా?"

అమ్మ కాయల మీదకి ఆకులు సర్దింది. నాన్న కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అటు తిరిగాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు.

పొద్దున్న నేను జిల్లేడాకులు నెత్తిన పెట్టించుకుని నీళ్లు పోయించుకుందామని పెరట్లోకి వచ్చేసరికి పందిరి వట్టిగా ఉంది. ఒక్క కాయ లేదు. నూతి గట్టు దగ్గర నాయనమ్మ తడి బట్టలతో కూర్చుని రథం కడుతోంది. ఆవిడకి ఎప్పుడూ చేతకాదు. పుల్లలు విరుగుతున్నాయి, చక్రం ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, గోపురం పక్కకి ఒరిగింది. అమ్మ వెనక వచ్చి చూసి కెవ్వుమంది. "ఎంత పని చేశారండీ! అన్నీ కోసేశారా? ఒక్కటైనా విత్తనానికి..."

"విత్తనానికి వదలక్కర్లేదు," అంది నాయనమ్మ, తలెత్తకుండా. "నువ్వు తిను."

అమ్మ కోపంగా కూర్చుని, ఆవిడ చేతిలోంచి రథం లాక్కుని, ఊడగొట్టి, మళ్లీ తనే కట్టింది. పిన్ని కట్టినట్టే కట్టింది. పాలు పొంగాయి. నైవేద్యమయ్యాక నాయనమ్మే రథం విప్పి, ఈనెలు తీసి, కూర చేసింది. ఆ రాత్రి అమ్మ ముందు రెండో పూట కంచం పెట్టారు. నాన్న, నేను, నాయనమ్మ చుట్టూ కూర్చుని చూశాం. అమ్మ అత్తగారి మీద కోపంతోనే ముద్ద కలిపింది, ఏడుస్తూనే తింది. మొత్తం తింది. మధ్యలో నాకూ ఒక ముద్ద పెట్టబోతే నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపేసింది.

ఎండాకాలంలో చెల్లెలు పుట్టింది. పిన్ని పేరే పెట్టారు. ఆ చిక్కుడు మళ్లీ ఎక్కడా దొరకలేదు. ఆ ఊదా గీత కోసం నేను ఇప్పటికీ బజారులో కాయల గుట్టలు తిరగేస్తాను. నాయనమ్మ మాత్రం ఆ రోజు నుంచి చిక్కుడుకాయ ముట్టలేదు. ఎవరైనా వడ్డించబోతే, "కాశీలో వదిలేశానమ్మా," అనేది. కాశీ ఎప్పుడు వెళ్లిందో మరి! మాకు తెలిసి ఆవిడ గుడివాడ దాటి ఎక్కడికీ వెళ్లలేదు.

ఇదంతా అనుకుంటూ నేను వేపనూనె పట్టుకుని మేడెక్కాను. చల్లబోయి ఆగాను. తొట్టె అంచు మీద నల్ల చీమల బారు. మోకాళ్లు నొప్పెట్టినా కింద కూర్చుని, చిక్కుడు మొదట్లో ఎండాకులు తీశాను. రాగి జావ. బెల్లం వేసి పొద్దునా సాయంత్రం నా చేత్తో కాచి ఇస్తున్న జావ. పైన పొర ఎండింది, కింద పచ్చిగా ఉంది. ఎన్నాళ్ల నుంచి పోస్తోందో.

నా ఒళ్లు మండిపోయింది. కిందకి దిగి చెల్లెలి మంచం ముందు నిలబడ్డాను. "గ్లాసు ఖాళీ చేశానక్కా అంటే నమ్మాను కదే! తాగకుండా నాలుగు పూటలు ఉంటే ఏమవుతావో తెలుసా నీకు?" అని అరిచాను. అది దుప్పటి కొస వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "దిగట్లేదక్కా. వద్దంటే నువ్వు వంటింట్లోకెళ్లి ఏడుస్తున్నావు. అందుకని," అంది. నేను మంచం మీదే కూర్చున్నాను. ఇద్దరం ఏడ్చాం. అరవై దాటినదాన్ని నేను, దాని వయసూ తక్కువేం కాదు. చంటిపిల్లల్లా ఏడ్చాం.

జావ మట్టితో సహా తవ్వి తీసేశాను. ఆముదం గుడ్డ చుట్టాను. కుంకుడు నీళ్లతో కడిగి, వేపనూనె చల్లాను. అక్షింతల పురుగుల కోసం పక్క వీధిలో ఖాళీ స్థలంలో జిల్లేడు మొక్కలు వెతుకుతుంటే జనం వింతగా చూశారు. చూడనీ. రోజూ పొద్దున్నే పాదునీ, చెల్లెలి మొహాన్నీ మార్చి మార్చి చూస్తూ గడిపాను. ఏది ముందు పోతుందోనని ఒకటే దడ. నిద్రలో కూడా లేచి దాని ఊపిరి వినేదాన్ని.

ఈ ఉదయం కోశాను. కూరకి సరిపడా అంటే సరిపడా, అంతే. చెల్లెలు వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఈనెలు తీస్తానంది. మధ్యలో రెండుసార్లు ఆగి, అన్నీ తీసింది.

"విత్తనానికి రెండు వదిలావా అక్కా?" అంది.

"వదలక్కర్లేదు," అన్నాను. "నువ్వు తిను."

అల్లం పచ్చిమిర్చి వేసి అమ్మ చేసినట్టే చేశాను. ముద్ద కలిపి చేతికిచ్చాను. అది చాలాసేపు నములుతూ కూర్చుంది. ఇంక మొహం తిప్పేస్తుంది, మట్టిలా ఉందంటుంది అనుకున్నాను.

"ఉప్పు తక్కువైందక్కా," అంది.

ఉప్పు డబ్బా కోసం వంటింట్లోకి వెళ్లి, డబ్బా చేతిలో పట్టుకుని, కాసేపు అక్కడే నిలబడ్డాను.